చర్చి పక్క వీధి వాళ్లు చర్చికి రావాలంటే ఏం చేయాలి? విశాఖ సంఘాలకు ఒక పద్ధతి

విశాఖలో ఏ సంఘ పెద్దల మీటింగులో కూర్చున్నా చివరికి ఇదే ప్రశ్న వస్తుంది. “బ్రదర్, ఆరాధనకు ఎప్పుడూ అవే మొహాలు. వీధి నిండా జనం ఉన్నారు, ఒక్కరూ లోపలికి రారు. ఏం చేయాలి?” గాజువాకలో అడిగారు, పెందుర్తిలో అడిగారు, మధురవాడలో కొత్తగా మొదలుపెట్టిన సంఘం వాళ్లూ అడిగారు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. మనం డబ్బు, శ్రమ అంతా కొత్తవాళ్లను మొదటి ఆదివారం రప్పించడానికే ఖర్చు పెడుతున్నాం. మొదటిసారి రావడం అంత కష్టం కాదు. క్రిస్మస్‌కి వస్తారు, డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్‌కి వస్తారు, పిల్లల ప్రోగ్రాం ఉంటే వస్తారు. రెండోసారి రారు. మీరు పని చేయాల్సింది ఆ రెండు ఆదివారాల మధ్య. కింద రాసిన మెట్లన్నీ దానికోసమే.

కావాల్సినవి

- ఒక లాంగ్ నోట్‌బుక్కు, పెన్ను
- ఆరుగురి నుంచి ఎనిమిది మంది వరకు మనుషులు. ఇందులో సగం మంది స్త్రీలు ఉండాలి, ఇద్దరైనా యవ్వనస్తులు ఉండాలి
- ఎవరు చేసినా ఎత్తే ఒక ఫోన్ నంబరు (పాస్టర్ గారిది వద్దు, ఆయన కూడికల్లో ఉంటారు)
- ఆదివారం టీ, బిస్కెట్లకు కొంచెం డబ్బు
- మూడు నెలల ఓపిక

ఫ్లెక్సీలు, స్టేజీ, సౌండ్ సిస్టం ఈ లిస్టులో లేవు. మర్చిపోయి కాదు, అవసరం లేక వదిలేశాను.

1. చుట్టూ నడిచి చూడండి

చర్చి గేటు దగ్గర నుంచి నాలుగు వైపులా పది నిమిషాలు నడిస్తే ఎంత దూరం వస్తుందో అదే మీ పరిధి. ఇద్దరిద్దరుగా నడవండి. కరపత్రాలు పట్టుకెళ్లొద్దు, ఎవరికీ ఏమీ చెప్పొద్దు. చూసి రాసుకోండి చాలు. అపార్టుమెంట్లు ఎన్ని, హాస్టళ్లు ఎన్ని, అద్దె గదులు ఎక్కడున్నాయి, స్కూలు ఎక్కడ, టీ కొట్టు ఎక్కడ, ఆటో స్టాండు ఎక్కడ.

ఇది చేయకుండా ప్లాన్ వేస్తే ఏమవుతుందో చూడండి. గాజువాక, కూర్మన్నపాలెం వైపు స్టీల్ ప్లాంట్ కుటుంబాలు ఉంటాయి. ఏ, బీ, సీ షిఫ్టులు. సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసొచ్చిన మనిషి తొమ్మిదింటి ఆరాధనకు ఎలా వస్తాడు? అతనికి ఆదివారం సాయంత్రం కూడిక కావాలి. జాలరిపేటలో లెక్క వేరు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ మగవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు, చేతిలో డబ్బులు మాత్రం ఉండవు. ఆ నెలల్లో మాట్లాడటానికి టైం దొరుకుతుంది, కానుకల మాట మాత్రం ఎత్తకూడదు. రుషికొండ, ఎండాడ వైపు ఐటీ ఉద్యోగులు, స్టూడెంట్లు. వాళ్లలో చాలామంది శనివారం రాత్రి బస్సెక్కి సొంతూరు వెళ్లిపోతారు. వాళ్ల కోసం వారం మధ్యలో ఒక సాయంత్రం పెట్టాలి.

భాష కూడా చూడండి. నేవీ కుటుంబాల్లో హిందీ, మలయాళం మాట్లాడేవాళ్లు ఉంటారు, పనుల కోసం ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. 1805లో లండన్ మిషన్ తరఫున విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ ముందు కూర్చుని తెలుగు నేర్చుకున్నారు, సువార్తల్ని తెలుగులోకి మార్చే పని ఇక్కడే మొదలుపెట్టారు. వాళ్లిద్దరూ 1810 నాటికే చనిపోయారు, అయినా ఆ అనువాదం 1812లో అచ్చయింది. మన కోసం ఒకరు అంత కష్టపడ్డారు. మన గేటు ముందు ఉంటున్న ఒడియా కుటుంబం కోసం ఒక్క పాట, ఒక వాక్యభాగం వాళ్ల భాషలో చదివించలేమా?

2. ముందు లోపల సరిచేయండి

కొత్తవాడి కళ్లతో మీ చర్చిని ఒకసారి చూడండి. మీకు కష్టమైతే చర్చికి రాని స్నేహితుణ్ణి ఒకరిని పిలిచి చూడమనండి.

బోర్డు మీద ఏముంది? చాలాచోట్ల పాస్టర్ గారి ఫొటో నిలువెత్తున ఉంటుంది, ఆరాధన టైము మాత్రం కింద మూల చిన్నక్షరాల్లో ఉంటుంది. తిరగేయండి. టైము పెద్దది, ఫోన్ నంబరు పెద్దది, “ఎవరైనా రావచ్చు” అన్న మాట పెద్దది. గూగుల్ మ్యాప్స్‌లో చర్చి పేరు, టైమింగులు సరిగ్గా ఉన్నాయా చూసుకోండి. పాత టైము చూసి వచ్చి తాళం చూసిన మనిషి మళ్లీ రాడు.

బాత్రూం శుభ్రంగా ఉందా, లోపల గడియ పడుతుందా? ఇది చిన్న విషయం అనుకుంటే పొరపాటు. చంటిపిల్లల తల్లి మళ్లీ రావాలా వద్దా అన్నది చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. వెనక రెండు వరుసల కుర్చీలు కొత్తవాళ్ల కోసం ఖాళీగా ఉంచండి, పాతవాళ్లను ముందుకు జరగమనండి. ఆరాధన ఎన్నింటికి మొదలవుతుందో రాసినట్టే, ఎన్నింటికి ముగుస్తుందో కూడా రాయండి. రాసిన టైముకి ముగించండి. ప్రసంగం ఎంత బాగున్నా, ఇంటి దగ్గర పొయ్యి మీద కుక్కర్ పెట్టొచ్చిన మనిషి మనసు పన్నెండు దాటాక వాక్యం మీద ఉండదు.

3. మైకు

దీని గురించి మొహమాటం లేకుండా రాస్తాను. వీధికీ చర్చికీ మధ్య గోడ కట్టేది చాలాచోట్ల మైకే. ఒక పెద్దావిడ ఒక పాస్టర్ గారితో అన్న మాట ఇది: “ఏటి బాబూ, మా అబ్బాయి సీ షిఫ్టు చేసొచ్చి పడుకుందామంటే మీ మైకు నెత్తిమీదే ఉంటాది.” ఆమెకు దేవుడి మీద కోపం లేదు. కొడుక్కి నిద్ర లేదన్నదే ఆమె బాధ.

చట్టం కూడా తెలుసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. లౌడ్ స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. ఆసుపత్రులు, స్కూళ్ల చుట్టూ 100 మీటర్ల లోపల ఇంకా కట్టుదిట్టం.

చేయాల్సింది ఇదీ. బయటి హారన్లు తీసేయండి. లోపలి స్పీకర్లను గోడల వైపు కాకుండా మనుషుల వైపు తిప్పండి. ఆరాధన జరుగుతుండగా ఒకరు బయటికెళ్లి, దగ్గరి ఇంటి కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో డెసిబెల్ యాప్‌తో చూడాలి. యాప్ లెక్క పక్కాగా ఉండదు, కానీ అక్కడ నిలబడి మాట్లాడుకోవడానికి గొంతు పెంచాల్సి వస్తుంటే యాప్‌తో పనేముంది, తగ్గించాల్సిందే. తర్వాత ఆ ఇంటికెళ్లి, “సౌండ్ తగ్గించామండి, ఇంకా ఇబ్బందిగా ఉంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి” అని చెప్పండి. వీధితో మీ పరిచయం ఇలా మొదలైతే మంచిది.

4. వీధికి ఏం కావాలో అడిగి, ఒక్క పని పట్టుకోండి

ఐదు ఇళ్లలో అడగండి. “ఈ వీధిలో మీకు ఎక్కువ ఇబ్బందిగా ఉన్నదేంటి?” వచ్చిన జవాబుల్లో మీ చేతనైనది ఒక్కటే తీసుకోండి. మూడు పనులు మొదలుపెట్టి మూడూ వదిలేసిన సంఘాలు చాలా ఉన్నాయి.

కొన్ని ఉదాహరణలు. పిల్లల చదువు అన్నారా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు చర్చి హాలు తెరిచి, ఫ్యాన్లు వేసి, లెక్కలు చెప్పగల ఇద్దరిని కూర్చోబెట్టండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లో ఉన్నారా, శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ, ఒడిశాల నుంచి రోగులతో వచ్చినవాళ్లకు ఏ కౌంటర్ ఎక్కడో చూపించే మనిషి ఉన్నా పెద్ద సాయమే. ఆసుపత్రి లోపలికి వెళ్లేముందు అక్కడి అధికారులను అడగండి, అక్కడ ప్రార్థన కూడికలు పెట్టొద్దు. తుఫానుల సంగతి మనకు చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక కరెంటు కోసం, నీళ్ల కోసం ఊరంతా ఎంత అల్లాడిందో చూశాం. మీకు జనరేటరో బోరో ఉంటే, అలాంటి రోజున గేటు బార్లా తెరిచి ఉంచండి.

జాగ్రత్త: సాయానికీ ఆరాధనకూ లంకె పెట్టకండి. ట్యూషన్‌కి వచ్చే పిల్లాడు ఆదివారం రాలేదని అడగొద్దు. బియ్యం, బట్టలు పంచి ఫొటోలు పెట్టొద్దు. “సరుకులిచ్చి చేర్చుకుంటున్నారు” అన్న మాట ఒక్కసారి పడితే పోగొట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. దానికంటే ముఖ్యం, సాయం పుచ్చుకున్న మనిషి తలెత్తుకుని రావాలి. రుణపడి వచ్చినవాడు రుణం తీరిందనిపించగానే వెళ్లిపోతాడు.

పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. మే నెలలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు) పెడితే ప్రతి పిల్లాడి తల్లిదండ్రులతో ముందే మాట్లాడండి. ఏం నేర్పుతారో, ఏ పాటలు పాడిస్తారో దాచకుండా చెప్పండి. వాళ్లు వద్దంటే వద్దు.

5. పిలవడం

కరపత్రం మనిషిని తీసుకురాదు. తెలిసిన మనిషి తీసుకొస్తాడు. అందుకే సంఘంలో ప్రతి ఒక్కరినీ ఒక్క పేరు రాసుకోమనండి. పక్కింటివాళ్లో, ఆఫీసులో పనిచేసేవాళ్లో, వాకింగ్‌లో కలిసేవాళ్లో, ఎవరో ఒకరు. నెల రోజులు ఆ పేరు కోసం ప్రార్థన చేయమనండి. తర్వాత పిలవమనండి.

ఎలా పిలవాలో కూడా నేర్పాలి. “వదినా, ఈ ఆదివారం మా చర్చికి రాకూడదూ? నేనే వచ్చి తీసుకెళ్తాను. పదకొండున్నరకల్లా ఇంటికొచ్చేద్దాం. నచ్చకపోతే మళ్లీ అడగను.” ఇంతే. ఈ నాలుగు ముక్కల్లో ఆమెకు కావాల్సినవన్నీ ఉన్నాయి: తోడు, టైము, కాదనే స్వేచ్ఛ. రానంటే నవ్వి ఊరుకోవాలి, స్నేహం మునుపటిలాగే ఉండాలి.

ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లండి. ఆ ఇంట్లో ఆడవాళ్లే ఉంటే ఆడవాళ్లే వెళ్లాలి. పొద్దున్న కుళాయి వచ్చే టైములో వెళ్లొద్దు, మధ్యాహ్నం భోజనాలు, నిద్రల వేళ వెళ్లొద్దు. సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య బాగుంటుంది. గుమ్మంలో నిలబడే మాట్లాడండి, వాళ్లు పిలిస్తేనే లోపలికి వెళ్లండి. ప్రార్థన చేయమంటారా అని అడిగి, సరే అంటేనే చేయండి.

వాళ్ల దేవుళ్ల గురించి, పూజల గురించి చులకనగా ఒక్క మాట కూడా రాకూడదు. రాజ్యాంగం 25వ అధికరణం మన విశ్వాసాన్ని చెప్పుకునే హక్కు ఇచ్చింది, ఎదుటివాళ్లను కించపరిచే హక్కు ఇవ్వలేదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేసేవాళ్లకు దారిలో కరపత్రాలు పంచకండి. ఎండలో నడుస్తున్నవాళ్లకు మంచినీళ్లు ఇవ్వాలనిపిస్తే మంచినీళ్లే ఇవ్వండి, గ్లాసు మీద వచనం అంటించకండి. ప్రభుత్వం గుర్తించిన ఆలయ ప్రాంతాల్లో ఇతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 2007 నుంచి చట్టం కూడా ఉంది.

పక్క సంఘం విశ్వాసులను పిలవొద్దు. ఈ సంఘం నుంచి ఆ సంఘానికి మారితే దేవుని రాజ్యంలో ఒక్కరూ పెరగలేదు, ఇద్దరు పాస్టర్ల మధ్య మాటలు మాత్రం పోయాయి.

6. మొదటి ఆదివారం

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పొమ్మనలేక పొగబెట్టినట్టు మనకు తెలియకుండానే జనాన్ని పంపించేస్తున్నది ఇక్కడే.

గేటు దగ్గర ఒక జంటను పెట్టండి. వయసులో పెద్దవాళ్లయితే మంచిది. వాళ్లు “నమస్కారం, రండి” అని పలకరించాలి. “వందనాలు”, “ప్రైజ్ ది లార్డ్” మనకు అలవాటే, కొత్తవాళ్లకు తిరిగి ఏమనాలో తెలియక ఇబ్బంది పడతారు.

తర్వాత అడిగే ప్రశ్న చూసుకోండి. “మీదే ఊరు? ఇంటిపేరేంటి? ఎవరి తాలూకు?” మామూలుగా అడిగినట్టే ఉంటుంది. కానీ అది కులం కనుక్కోవడానికి అడిగే ప్రశ్న అని అడిగేవాళ్లకీ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. గేటు దగ్గర ఆ ప్రశ్న పూర్తిగా మానేయండి. ఒకే కులం వాళ్లే కనిపించే సంఘానికి వేరేవాళ్లు ఎందుకు రావట్లేదని ఆశ్చర్యపోయే ముందు, మన పలకరింపులు ఒకసారి విని చూసుకోవాలి. “పేరేంటండీ? ఇక్కడే ఉంటారా?” చాలు.

పక్కన ఒకరు కూర్చోవాలి. పాట నంబరు చెప్పగానే పుస్తకంలో పేజీ తీసి చేతికివ్వాలి. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో మెల్లిగా చెప్పాలి. కానుక సంచి వచ్చేముందే, “ఇది సంఘం వాళ్ల కోసమండి, మీరు ఇవ్వక్కర్లేదు” అని చెవిలో చెప్పాలి. ప్రభురాత్రి భోజనం (విశ్వాసులు రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) ఉన్న ఆదివారమైతే అది ఎవరికో, ఎందుకో పాస్టర్ గారు స్టేజీ మీద నుంచే రెండు ముక్కల్లో అందరికీ చెప్పాలి. చెప్పకపోతే రొట్టె పళ్లెం తమను దాటిపోయినప్పుడు అవమానంగా అనిపిస్తుంది.

చేయకూడనివి: కొత్తవాళ్లను నిలబెట్టి పరిచయం చేసుకోమనడం. అందరి ముందు చప్పట్లు కొట్టడం. ముందుకు పిలిచి తల మీద చేతులుంచి ప్రార్థన చేయడం. వాళ్లను ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం. ఇంట్లో చెప్పకుండా వచ్చిన కోడలి ఫొటో లైవ్‌లో కనిపిస్తే ఆ సాయంత్రం ఆమె ఇంట్లో ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించండి. కెమెరా సంఘం వైపు తిప్పకుండా స్టేజీ మీదే ఉంచమని వీడియో తీసే కుర్రాడికి గట్టిగా చెప్పండి.

అయిపోయాక టీ ఇవ్వండి. టీ గ్లాసు చేతిలో ఉన్నంతసేపు మనిషి నిలబడతాడు, మాట కలుస్తుంది. ఆ టైములో పాతవాళ్లు తమలో తాము గుంపులు కట్టకుండా, ముందు కొత్తవాళ్లతో మాట్లాడాకే మిగతా కబుర్లు చెప్పుకోవాలని ఒక నియమం పెట్టుకోండి.

7. రెండో ఆదివారం లోపల

మంగళవారం లోపల ఒక ఫోన్. గేటు దగ్గర పలకరించినవాళ్లో, పక్కన కూర్చున్నవాళ్లో చేయాలి. “మొన్న మీరు వచ్చినందుకు సంతోషంగా ఉందండి. పాప దగ్గు తగ్గిందా?” అని రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేయండి. నంబరు ఇవ్వనివాళ్లను బలవంతం చేయొద్దు. అడగకుండా వాట్సాప్ గ్రూపులో చేర్చొద్దు. పొద్దున్న నాలుగింటికి నలభై వాగ్దాన వచనాల మెసేజులు చూసి గ్రూపుతో పాటు చర్చి కూడా వదిలేసిన వాళ్లున్నారు.

ఇంటికి రమ్మంటే వెళ్లండి. లేకపోతే మీరే మీ ఇంటికి టీకి పిలవండి. గృహ కూడికలు ఇక్కడే పనికొస్తాయి. అపార్టుమెంట్లయితే ఎనిమిది, పది మంది మించకుండా, మైకు, కీబోర్డు లేకుండా, గంటలో ముగించండి. వాచ్‌మన్‌కి, అసోసియేషన్ ప్రెసిడెంట్‌కి ముందే చెప్పండి. దిగిపోయేటప్పుడు మెట్ల మీద గట్టిగా మాట్లాడొద్దు.

రోగంతోనో అప్పులతోనో టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఎక్కువ వస్తారు. ప్రార్థన చేయండి, తోడుగా ఆసుపత్రికి కూడా వెళ్లండి. మందులు మానేయమని ఎవరూ, ఏ పరిస్థితిలోనూ చెప్పకూడదు. నయమవుతుందని గ్యారంటీలు ఇవ్వకూడదు.

బాప్తిస్మానికి, రిజిస్టరులో పేరు రాయడానికి తొందరపెట్టొద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే వర్తిస్తుంది. పిల్లల చదువు, ఉద్యోగం దాని మీద ఆధారపడ్డ కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. మీరు దాచకండి, మీరు నిర్ణయించకండి. విషయం ఉన్నదున్నట్టు చెప్పి, ఇంట్లో వాళ్లతో మాట్లాడుకోమనండి. ఎన్ని నెలలు పట్టినా ఆగండి. ఆలోగా వాళ్లకు పలకరింపు తగ్గకూడదు.

రెండు, మూడు నెలలు వచ్చినవాళ్లకు చిన్న పని ఇవ్వండి. కుర్చీలు సర్దడం, టీ పోయడం, సండే స్కూల్‌లో సాయం. పని ఉన్న మనిషి రాకపోతే “ఏమైంది?” అని అడిగేవాళ్లుంటారు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

క్రిస్మస్ రోజు కుర్చీలు లెక్కపెట్టొద్దు. నోట్‌బుక్కులో నాలుగు గళ్లు గీయండి: మొదటిసారి వచ్చారు, రెండోసారి వచ్చారు, మూడు నెలల తర్వాత ఉన్నారు, ఎక్కడి నుంచి వచ్చారు (పక్క వీధి, వేరే సంఘం, ఊరు మారి వచ్చినవాళ్లు).

మొదటి గడే ఖాళీగా ఉంటే మీ పిలుపులో లోపం, 5వ మెట్టు మళ్లీ చూడండి. పదిమంది వచ్చి ఒక్కరే రెండోసారి వస్తే 2, 6 మెట్లు చూడండి. రెండోసారి వచ్చి మూడు నెలలకు లేకపోతే 7వ మెట్టులో ఎవరో ఫోన్ చేయడం మానేశారు. నాలుగో గడిలో అందరూ వేరే సంఘాల వాళ్లే ఉంటే, ఎంతమంది పెరిగినా మీ వీధికి మీరు ఇంకా చేరలేదు.

ఇంకో పరీక్ష. మీ ఆటో స్టాండుకి వెళ్లి, తెలియని మనిషిలా “ఇక్కడ చర్చి ఎక్కడండీ?” అని అడగండి. “ఆ మైకు పెట్టే చర్చా?” అన్నారో, “పిల్లలకి ట్యూషన్ చెప్తారు, అదేనా?” అన్నారో వినండి. ఆరు నెలలకోసారి వేరే మనిషిని పంపి అడిగించండి.

చివరగా, రావడం మానేసినవాళ్ల దగ్గరికి ఇద్దరు వెళ్లండి. మళ్లీ రమ్మని అడగడానికి కాదు. “మా వల్ల ఏదైనా ఇబ్బంది అయిందా? చెప్తే సరిచేసుకుంటాం” అని అడగడానికి. మధ్యలో అడ్డుపడకుండా, సమర్థించుకోకుండా వినండి. వాళ్లు చెప్పింది, పేర్లు లేకుండా, అదే నోట్‌బుక్కులో రాయండి. నెలాఖరు పెద్దల మీటింగులో కానుకల లెక్క చదివే ముందు ఆ పేజీ చదవండి.